ఏ అర్జీ ఏ గడపకు? - సమాఖ్య ప్రభుత్వ స్వరూపం, మన బాధ్యత

(మైనారిటీ హక్కుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం 'జాతీయ సమాఖ్య ప్రభుత్వం: అర్థం, నిర్మాణం'. వినగానే ఇది డిగ్రీ తరగతి పాఠమనిపించవచ్చు. కాని ఇది మన ఇంటి విషయం. పిల్లవాని ఉపకార వేతనం ఆగిపోయినా, ఖబ్రస్తాన్ ప్రహరీ పక్కన ఎవరో అక్రమంగా షెడ్డు వేసినా, హజ్ యాత్రకు దరఖాస్తు పెట్టినా, బి.సి.-ఇ ధ్రువపత్రం కోసం తహశీల్దారు కార్యాలయానికి తిరిగినా మనం వ్యవహరిస్తున్నది సమాఖ్య వ్యవస్థతోనే. వీటిలో ఒకటి కేంద్రం చేతిలో ఉంటుంది, మరొకటి రాష్ట్రం చేతిలో ఉంటుంది, ఇంకొకటి ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే మన న్యాయమైన కోరిక కూడా తప్పు గడప దగ్గర పడి ఉండిపోతుంది.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో ఇటువంటి అర్జీలను ఎన్నో చూశాను. బాధ నిజం, కోరిక న్యాయం, సంతకాలు వందలు. కాని చివరికి 'ఈ విషయము మా కార్యాలయ పరిధిలోనిది కాదు' అనే ఒక్క వాక్యంతో ఆ కాగితం తిరిగి వెళ్లేది. ఆ వాక్యం రాసిన అధికారి అబద్ధం రాయలేదు. అర్జీదారు కూడా అబద్ధం చెప్పలేదు. వారిద్దరి మధ్య లోపించినది రాజ్యాంగ జ్ఞానం. ఈరోజు నేను చెప్పదలచినది ఈ ఒక్క విషయమే: అధికారం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం హక్కుల సాధనలో మొదటి మెట్టు.

సమాఖ్య అంటే ఏమిటి?

ఒకే దేశంలో రెండు స్థాయిల ప్రభుత్వాలు ఉండి, రెండింటికీ అధికారాలు రాజ్యాంగం నుండే లభించి, ఒకదాని పరిధిలోకి మరొకటి ఇష్టానుసారం ప్రవేశించడానికి వీలులేని ఏర్పాటును సమాఖ్య అంటారు. ఏకకేంద్ర ప్రభుత్వంలో ప్రాంతీయ పాలన కేంద్రం దయ మీద ఆధారపడుతుంది. సమాఖ్యలో రాష్ట్రం కేంద్రానికి శాఖ కాదు. జిల్లా కలెక్టరు ప్రభుత్వానికి లోబడి ఉన్నట్లు ముఖ్యమంత్రి ప్రధానమంత్రికి లోబడి ఉండడు. సమాఖ్యకు ఉండవలసిన లక్షణాలు నాలుగు: లిఖిత రాజ్యాంగం, అధికార విభజన, వివాదాలను తీర్చే స్వతంత్ర న్యాయస్థానం, రాష్ట్రాలకు స్థానం ఉన్న రెండవ సభ.

సొంత వ్యవహారాలు ఎవరివి వారు చూసుకుంటూ ఉమ్మడి రక్షణకు కట్టుబడి ఉండటం మన చరిత్రకు కొత్త భావన కాదు. మదీనా ఒప్పందంలో తెగలు తమ రక్తపరిహారం వంటి వ్యవహారాలను తామే చూసుకున్నాయి. నగర రక్షణ మాత్రం అందరి బాధ్యతగా ఒప్పుకున్నాయి. దానిని నేటి రాజ్యాంగాలతో సమానమని నేను అనను. కాలాలు వేరు, అవసరాలు వేరు. అయితే భిన్న సమూహాలు ఒప్పందం ద్వారా కలిసి జీవించడమన్న ఆలోచన మనకు పరాయిది కాదని గుర్తు చేస్తున్నాను.

భారతదేశం ఎటువంటి సమాఖ్య?

మన రాజ్యాంగం మొదటి అధికరణం భారతదేశాన్ని రాష్ట్రాల యూనియన్ అంటుంది. సమాఖ్య అనే మాట అందులో లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేద్కర్ దీనికి కారణం వివరించారు. ఈ యూనియన్ రాష్ట్రాల మధ్య ఒడంబడిక వల్ల ఏర్పడినది కాదు, కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు. మామూలు రోజులలో సమాఖ్యగా నడిచే ఈ వ్యవస్థ అత్యవసర పరిస్థితులలో ఏకకేంద్రంగా మారగలదని కూడా ఆయన చెప్పారు.

కేంద్రం ఇంత బలంగా ఎందుకు రూపొందింది? 1946 ఏప్రిల్‌లో, కాంగ్రెస్ అధ్యక్షునిగా ఉన్న మౌలానా అబుల్ కలాం ఆజాద్, రాష్ట్రాలకు విస్తృత స్వాధికారం ఉండే సమాఖ్యే దేశ సమస్యకు పరిష్కారమని ప్రకటించారు. అదే ఏడాది మే 16న వెలువడిన కేబినెట్ మిషన్ ప్రణాళిక కూడా విదేశాంగం, రక్షణ, రవాణా-సమాచార వ్యవస్థలను మాత్రమే కేంద్రానికి ఇచ్చింది. ఆ ప్రణాళిక నిలవలేదు. దేశ విభజన జరిగింది. ఆ గాయం తరువాత రాజ్యాంగ సభ బలమైన కేంద్రం వైపు మొగ్గింది. ముసాయిదా కమిటీలో అస్సాంకు చెందిన సయ్యద్ మహమ్మద్ సాదుల్లా కూడా సభ్యులు. ఈ రాజ్యాంగం ఎవరో రాసి మన చేతికి ఇచ్చినది కాదు, దాని రచనలో మన పెద్దలూ పాల్గొన్నారు.

బలమైన కేంద్రం అంటే ఎంత బలం? మూడవ అధికరణం చూడండి. రాష్ట్రాల సరిహద్దులను, పేర్లను మార్చే అధికారం పార్లమెంటుది. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, సమ్మతి అవసరం లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరించినా పార్లమెంటు దానిని ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఐదేళ్ల తరువాత 2019 ఆగస్టులో జమ్మూ కాశ్మీర్ రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చినప్పుడు అక్కడ శాసనసభే లేదు. ఒకటి ప్రజల దీర్ఘకాల ఆకాంక్ష ఫలితం, మరొకటి అక్కడి ప్రజల ప్రతినిధులను అడగకుండా జరిగిన మార్పు. రెండింటికీ దారి ఇచ్చినది అదే అధికరణం. అధికారం ఒకటే అయినా వినియోగించిన తీరును బట్టి ఫలితం మారుతుంది.

రాజ్యసభ విషయంలోనూ అంతే. అమెరికాలో పెద్ద రాష్ట్రానికైనా చిన్న రాష్ట్రానికైనా సెనేట్‌లో రెండే స్థానాలు. మన రాజ్యసభలో జనాభాను బట్టి స్థానాలు ఇచ్చారు. ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. అయినా రాష్ట్రాలు నామమాత్రం కావు. సమాఖ్య స్వభావం, లౌకికతత్వం రెండూ రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ రెండూ ఒకే తీర్పులో బలపడ్డాయన్న సంగతి మనం మరువరాదు.

మూడు జాబితాలు

ఇక అసలు విషయానికి వద్దాం. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలు ఉన్నాయి. 1950లో కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండేవి. తరువాత సవరణలు జరిగాయి. మూడింటిలోనూ లేని అంశంపై శాసనం చేసే అవశిష్టాధికారం పార్లమెంటుకు ఉన్నది. ఉమ్మడి జాబితాలోని అంశంపై కేంద్ర చట్టానికి, రాష్ట్ర చట్టానికి పొసగకపోతే 254వ అధికరణం ప్రకారం కేంద్ర చట్టమే చెల్లుతుంది. రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభిస్తే ఆ రాష్ట్రం వరకు అది చెల్లుతుంది.

మన జీవితాలను ఈ జాబితాల ముందు పెట్టి చూద్దాం. పౌరసత్వం కేంద్ర జాబితాలోనిది. జనాభా లెక్కలు కేంద్రానివి. విదేశాలకు వెళ్లే తీర్థయాత్రలు కేంద్రానివి, అందుకే హజ్ కోటా భారత ప్రభుత్వం సౌదీ ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందంపై ఆధారపడుతుంది. దేశంలోపలి యాత్రలు మాత్రం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి కడప పెద్ద దర్గా ఉరుసుకు నీళ్లు, బస్సులు, బందోబస్తు లేవంటే ఢిల్లీకి ఉత్తరం రాయనక్కరలేదు.

శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్ర జాబితాలో మొదటి రెండు అంశాలు. మన బస్తీలో దాడి జరిగితే మొదట జవాబు చెప్పవలసినది రాష్ట్ర ప్రభుత్వం. మూకదాడుల విషయంలో 2018 జూలై 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ విభజన స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి జిల్లాలో ఎస్పీ హోదాకు తగ్గని అధికారిని నోడల్ అధికారిగా నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ప్రత్యేక నేరంగా చట్టం చేయడాన్ని పరిశీలించమని పార్లమెంటుకు సూచించింది. మన జిల్లాకు ఆ నోడల్ అధికారి ఎవరో ఈ సభలో ఎందరికి తెలుసు?

శ్మశానాలు, ఖననభూములు రాష్ట్ర జాబితాలోనివి. 74వ సవరణ తెచ్చిన పన్నెండవ షెడ్యూలు వాటిని పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులలో చేర్చింది. అంటే ఖబ్రస్తాన్ విషయంలో వార్డు కౌన్సిలరు నుండి మంత్రి వరకు అందరికీ పాత్ర ఉన్నది. వివాహం, విడాకులు, వారసత్వం ఉమ్మడి జాబితాలోనివి. అందుకే ఉత్తరాఖండ్ శాసనసభ 2024లో ఉమ్మడి పౌరస్మృతి చట్టం చేయగలిగింది. విద్య 1976 వరకు ప్రధానంగా రాష్ట్ర విషయం. అత్యవసర పరిస్థితి కాలంలో జరిగిన 42వ సవరణ దానిని ఉమ్మడి జాబితాలోకి మార్చింది.

వక్ఫ్: ఇద్దరి చేతిలో ఉన్న ఆస్తి

ధార్మిక, ధర్మాదాయ సంస్థలు ఉమ్మడి జాబితాలో 28వ అంశం. 1954, 1995 నాటి వక్ఫ్ చట్టాలు పార్లమెంటు చేసినవే. కాని వక్ఫ్ బోర్డును ఏర్పాటు చేసేది, ట్రిబ్యునల్‌ను నియమించేది రాష్ట్రం. భూమి రికార్డులు రాష్ట్ర రెవెన్యూ శాఖవి. చట్టం ఢిల్లీలో తయారైనా వక్ఫ్ భూమి మిగలడం, పోవడం మండల కార్యాలయంలోని పహాణీ, అడంగల్ మీద ఆధారపడి ఉంటుంది.

ఉమ్మడి జాబితా మనకు మేలు చేసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కేంద్ర చట్టం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిలోని 22-ఎ సెక్షన్‌ను మార్చి, ప్రభుత్వ భూములతో పాటు దేవాదాయ, వక్ఫ్ భూములను అధికారం లేనివారు అమ్మితే ఆ దస్తావేజులను రిజిస్టరు చేయరాదని నిర్దేశించింది. ఆ నిషేధిత జాబితాలో మన ఊరి వక్ఫ్ సర్వే నంబరు ఉన్నదో లేదో చూసుకోవడానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దాకా వెళితే చాలు. జాబితాలో నంబరు లేకపోతే ఆ రక్షణ కాగితానికే పరిమితమవుతుంది.

2025లో పార్లమెంటు వక్ఫ్ చట్టాన్ని విస్తృతంగా సవరించింది. ఆ సవరణలో అభ్యంతరకరమైనవి అనేకం ఉన్నాయని మనం భావిస్తున్నాము. అదే ఏడాది సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనల అమలును మధ్యంతరంగా నిలిపివేసింది. ఆ పోరాటం న్యాయస్థానంలోనూ పార్లమెంటు సభ్యుల ద్వారానూ జరగాలి. కాని అది తేలేదాకా ఆగనవసరం లేని పని రాష్ట్రంలో ఉన్నది: సర్వే నంబర్లు సరిచూడటం, గెజిట్ ప్రతులు సేకరించడం, ఆక్రమణలపై ట్రిబ్యునల్‌లో వాదించడం. కేంద్రం మీద కోపంతో రాష్ట్రంలో చేయవలసిన పని మానుకుంటే నష్టపోయేది మనమే.

రిజర్వేషన్లు: రెండు జాబితాలు, ఒక పిల్లవాడు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ 2007లో రాష్ట్ర చట్టం ద్వారా వచ్చింది. హైకోర్టు 2010 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని కొట్టివేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. నేడు మన పిల్లలు వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల్లో చదువుతున్నది ఆ మధ్యంతర ఉత్తర్వు నీడలోనే. ఇది మతం ఆధారంగా ఇచ్చినది కాదు, వెనుకబాటుతనం ఆధారంగా ఇచ్చినది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలను ఆ చట్టమే మినహాయించింది. ఈ మాట మనకు నోటికి రావాలి, ఎందుకంటే వాదన అంతా దాని మీదనే నిలిచి ఉన్నది.

ఇక్కడ సమాఖ్య ప్రశ్న ఎంత తీవ్రమైనదో గమనించండి. 2018లో 102వ రాజ్యాంగ సవరణ జరిగింది. 2021 మే 5న మరాఠా రిజర్వేషన్ తీర్పులో సుప్రీంకోర్టు మెజారిటీ ఆ సవరణను వ్యాఖ్యానిస్తూ, వెనుకబడిన తరగతులను గుర్తించే అధికారం ఇక రాష్ట్రాలకు లేదని చెప్పింది. ఆ వ్యాఖ్యానమే నిలిచి ఉంటే ప్రతి రాష్ట్రపు బి.సి. జాబితా ప్రశ్నార్థకమయ్యేది. మనదే కాదు, చేనేత, మత్స్యకార, రజక సోదరులదీ. అన్ని పక్షాలూ ఏకమై అదే ఏడాది ఆగస్టులో 105వ సవరణ ద్వారా ఆ అధికారాన్ని రాష్ట్రాలకు తిరిగి ఇచ్చాయి. రాష్ట్రాల హక్కు కోసం నిలబడటం మన సొంత హక్కు కోసం నిలబడటమే అని ఈ అనుభవం నేర్పుతుంది.

దీనికి మరో వైపు కూడా ఉన్నది. 2017లో తెలంగాణ శాసనసభ ఈ రిజర్వేషన్‌ను 12 శాతానికి పెంచే బిల్లును ఆమోదించింది. 50 శాతం పరిమితి దాటుతున్నందున, తమిళనాడుకు 1994లో కల్పించినట్లు తొమ్మిదవ షెడ్యూలు రక్షణ కావాలని కోరింది. ఆ షెడ్యూలులో చేర్చడం పార్లమెంటు పని. రాష్ట్రపతి ఆమోదం లభించలేదు. శాసనసభలో చప్పట్లు కొట్టిన రోజునే ఈ రెండవ గడప గురించి మనం అడిగి ఉండవలసినది. రాష్ట్రం తన చేతిలో లేనిదానిని వాగ్దానం చేస్తే, దానిని ఎలా తెస్తారని అడిగే జ్ఞానం ఓటరుకు ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. వెనుకబడిన తరగతుల రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. రాష్ట్రంలో బి.సి. ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర విద్యాసంస్థలలో, కేంద్ర ఉద్యోగాలలో ఓబీసీగా పరిగణిస్తారనుకోకండి. మీ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోండి.

డబ్బు దారి

అధికారం ఉన్నా నిధులు లేకపోతే అది పేరుకే మిగులుతుంది. కేంద్ర పన్నుల నుండి రాష్ట్రాల వాటాను ఆర్థిక సంఘం నిర్ణయిస్తుంది. పద్నాలుగవ సంఘం 42 శాతం, పదిహేనవ సంఘం 41 శాతం సిఫారసు చేశాయి. సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు. మైనారిటీల విషయంలో 2022-23 నుండి కేంద్ర ప్రీ మెట్రిక్ ఉపకార వేతనం తొమ్మిది, పది తరగతులకే పరిమితమైంది. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ నిలిచిపోయింది. మరోవైపు తెలంగాణలో 2016 నుండి నడుస్తున్న మైనారిటీ గురుకులాలు రాష్ట్ర నిధులతో నడిచేవి. ఒక గడప మూసుకున్నప్పుడు రెండవది తెరిచి ఉండటం సమాఖ్య ఇచ్చే మేలు.

కొన్ని పథకాలకు రెండు తాళాలు ఉంటాయి. ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమం కింద పాఠశాల భవనం, వసతిగృహం కావాలంటే ప్రతిపాదన జిల్లా కమిటీ నుండి రాష్ట్రానికి, అక్కడి నుండి కేంద్ర మంత్రిత్వ శాఖకు వెళ్లాలి. మన రాష్ట్రాలలో ఖర్చు 60:40 నిష్పత్తిలో పంచుకోవాలి. రాష్ట్రం ప్రతిపాదన పంపకపోయినా, తన వాటా ఇవ్వకపోయినా పని సాగదు. అప్పుడు కేంద్రం రాష్ట్రాన్ని, రాష్ట్రం కేంద్రాన్ని నిందిస్తాయి. ఫైలు ఎక్కడ ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడిగినవారికి తప్ప నిజం తెలియదు.

ఎవరిని నమ్మాలి?

మన పెద్దలలో రెండు వాదనలు వింటుంటాను. కేంద్రం బలపడితే మనకు ప్రమాదం, రాష్ట్రమే మనకు అండ అని కొందరంటారు. రాష్ట్రాలలో స్థానిక ద్వేషాలు ఎక్కువ, కేంద్రమే కాపాడాలి అని మరికొందరంటారు. రెండింటికీ చరిత్రలో సాక్ష్యాలున్నాయి. నా అభిప్రాయంలో ఏ ఒక్క ప్రభుత్వమూ శాశ్వత మిత్రుడు కాదు. అధికారం రెండు చోట్ల ఉండటమే మనకు మేలు. ఒక చోట విననప్పుడు మరొక చోట వినిపించుకోవడానికి వీలుంటుంది.

అయితే జాబితాల కంటే పైన ఒకటి ఉన్నది. ప్రాథమిక హక్కులు. 12వ అధికరణం ప్రకారం కేంద్రమైనా, రాష్ట్రమైనా, పంచాయతీ అయినా ఆ హక్కులకు కట్టుబడవలసిందే. భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే 29వ అధికరణం, విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే 30వ అధికరణం ఏ జాబితాకూ లొంగవు.

అల్పసంఖ్యాకులు ఎవరన్న ప్రశ్నకు కూడా సమాఖ్య ఇచ్చిన సమాధానం ఆలోచించదగినది. 30వ అధికరణం విషయంలో రాష్ట్రాన్నే ప్రమాణంగా తీసుకోవాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. తెలుగువారు ఇక్కడ అధిక సంఖ్యాకులు, హోసూరులో తమిళనాడు భాషా మైనారిటీ. అక్కడ తెలుగు బడి కోసం పోరాడే సోదరుడు ఆధారం చేసుకునేది, ఇక్కడ ఉర్దూ బడి కోసం మనం ఆధారం చేసుకునేది ఒకే 350-ఎ అధికరణం. ఉర్దూకు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రెండవ అధికార భాష హోదా ఇచ్చినది ఆయా శాసనసభలే. ఈ దేశంలో ప్రతివాడూ ఎక్కడో ఒకచోట అల్పసంఖ్యాకుడే. ఈ సంగతిని మన పొరుగువారికి ఓర్పుతో చెప్పగలిగితే మైనారిటీ హక్కులు ఎవరికో ఇచ్చిన రాయితీలన్న అపోహ కొంతైనా తొలగుతుంది.

చేయవలసిన పని

ముగించే ముందు మూడు సూచనలు. మొదటిది, ప్రతి మసీదు నోటీసు బోర్డుపై మూడు గడుల పట్టిక ఉంచండి: కేంద్రానికి అడగవలసినవి, రాష్ట్రానికి అడగవలసినవి, పురపాలక సంఘానికి లేదా పంచాయతీకి అడగవలసినవి. పక్కన ఎం.పి., ఎం.ఎల్.ఎ., వార్డు సభ్యుల కార్యాలయాల చిరునామాలు రాయండి. రెండవది, ఏ అర్జీ అయినా ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ జి.వో. కింద అడుగుతున్నారో మొదటి పేరాలోనే రాయండి. రసీదు, ఇన్‌వర్డు నంబరు తీసుకోకుండా కార్యాలయం నుండి బయటకు రాకండి. మూడవది, ప్రతి మొహల్లా నుండి చదువుకున్న ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఈ పని బాధ్యతగా తీసుకోవాలి. ధ్రువపత్రాల కోసం, ఉపకార వేతనాల కోసం కార్యాలయాలకు ఎక్కువగా తిరుగుతున్నది తల్లులే గనుక యువతులు తప్పక ఉండాలి.

ఈ రాజ్యాంగం మనకు రెండు ప్రభుత్వాలను ఇచ్చింది. రెండింటికీ ఓటు వేస్తున్నాము, రెండింటికీ పన్ను కడుతున్నాము. రెండింటినీ లెక్క అడిగే హక్కు మనకు ఉన్నది. ఆ అడగడం సరైన గడప వద్ద, సరైన కాగితంతో, మర్యాదతో, విసుగులేకుండా జరగాలని కోరుతున్నాను.